బండికి ఎక్కిన ఫిల్టరల్లా సరైన ఫిల్టర్ కాదు

సంక్రాంతికి వారం పది రోజుల ముందు బెంగళూరులో మారతహళ్ళి, కె.ఆర్.పురం వైపు ఏ గ్యారేజీకి వెళ్ళినా తెలుగు వినపడుతుంది. అనంతపురం మీదుగా కర్నూలు, హైదరాబాద్ వెళ్ళేవాళ్ళు కొందరు. కోలారు, పలమనేరు దాటి చిత్తూరు, తిరుపతి వైపు పోయేవాళ్ళు కొందరు. ఊరికి బయల్దేరే ముందు ఇంజన్ ఆయిల్, దాంతో పాటు ఆయిల్ ఫిల్టర్ మార్పించుకోవడం చాలామందికి అలవాటు. అక్కడ మెకానిక్ అడిగే ప్రశ్న దాదాపు ఒకటే: "ఫిల్టర్ కంపెనీది వేసేదా సార్, బయటిదా?" మనం జేబు చూసుకునో, ఆఫీసులో ఎవరో చెప్పిన మాట గుర్తు చేసుకునో ఏదో ఒకటి అనేస్తాం.

నన్నడిగితే దానికంటే ముందు తేల్చుకోవాల్సిన సంగతి ఇంకోటి ఉంది. చేతిలో ఉన్న ఆ డబ్బా మీద నంబరు మన ఇంజన్‌కు చెప్పిన నంబరేనా? పేరున్న బ్రాండయినా వేరే ఇంజన్‌ది అయితే ప్రమాదమే. పెద్దగా పేరు లేని మంచి తయారీదారుది సరైన నంబరుతో దొరికితే ఇంజన్ హాయిగా ఉంటుంది. ఎందుకో తెలియాలంటే ఆ రేకు డబ్బా లోపల ఏం జరుగుతుందో కాస్త చూడాలి.

కాగితం ఒక్కటే కాదు

ఇంజన్ అడుగున ఆయిల్ నిలవుండే తొట్టిని మన మెకానిక్కులు చాంబర్ అంటారు. ఆయిల్ పంపు అందులోంచి ఆయిల్‌ను లాగి, ఒత్తిడితో ముందు ఫిల్టర్‌కు పంపుతుంది. ఫిల్టర్ మూతి చుట్టూ ఉన్న చిన్న రంధ్రాల్లోంచి ఆయిల్ లోపలికి వెళ్ళి, మడతలు మడతలుగా పెట్టిన కాగితాన్ని దాటి, మధ్యలో థ్రెడ్ (మరలు) ఉన్న పెద్ద రంధ్రం గుండా బయటికొస్తుంది. అక్కడి నుంచి క్రాంక్ షాఫ్ట్ బేరింగులకు, పైన క్యామ్ షాఫ్ట్‌కు, గాలిని ఒత్తి ఇంజన్లోకి పంపే టర్బో ఉంటే దానికీ చేరుతుంది. ఇప్పుడు చిన్న పెట్రోల్ కార్లలో కూడా టర్బోలు వచ్చేశాయి. ఆ టర్బో ఇరుసు నిమిషానికి లక్షకు పైగా చుట్లు తిరుగుతుంది, అదీ పల్చటి ఆయిల్ పొర మీద తేలుతూ. ఆ పొరలోకి ఇసుక రేణువో, లోహపు రజనో దూరితే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు.

కార్లకు ఈ ఏర్పాటు మొదటి నుంచీ లేదు. 1923లో అమెరికాలో ఎర్నెస్ట్ స్వీట్‌లాండ్, జార్జ్ గ్రీన్‌హాల్ష్ రూపొందించిన ప్యూరోలేటర్‌తో ఆయిల్ ఫిల్టర్ అనేది కార్లలోకి వచ్చింది. చేత్తో తిప్పి బిగించే డబ్బా రకం వచ్చింది 1950లలో. ఇప్పుడు రెండు రకాలు నడుస్తున్నాయి. ఒకటి మొత్తం డబ్బానే తీసి పారేసి కొత్తది తిప్పేది. రెండోది ఇంజన్ మీదే ఉండే ప్లాస్టిక్ లేదా అల్యూమినియం గూడు మూత విప్పి, లోపలి కాగితపు ఎలిమెంట్ మాత్రం మార్చేది. రెండో రకంలో మూతకుండే ఓ-రింగు (లీకు ఆపే రబ్బరు రింగు) కూడా మార్చాలి. అది ఎలిమెంట్‌తో పాటే పెట్టెలో వస్తుంది. పాత రింగే బాగుంది కదా అని వదిలేసేవాళ్ళు ఉంటారు, గమనించండి.

డబ్బా రకం ఫిల్టర్లలో చాలావాటికి కాగితంతో పాటు రెండు వాల్వులు ఉంటాయి. అసలు తేడాలన్నీ వీటిలోనే.

మొదటిది బైపాస్ వాల్వు. కాగితం బాగా పూడుకుపోయినా, చలికి ఆయిల్ చిక్కబడినా, ఆయిల్ తగినంత వేగంగా కాగితాన్ని దాటలేదు. అప్పుడు ఫిల్టర్‌కు అటూ ఇటూ ఒత్తిడిలో తేడా పెరుగుతుంది. ఒక హద్దు దాటాక ఈ వాల్వు తెరుచుకుని ఆయిల్‌ను వడకట్టకుండానే ఇంజన్లోకి వదులుతుంది. మురికి ఆయిల్ వెళ్ళడం తప్పే గానీ, అసలు ఆయిలే వెళ్ళకపోవడం అంతకంటే పెద్ద తప్పు. బెంగళూరు చలి ఈ వాల్వును పెద్దగా ఇబ్బంది పెట్టేది కాదు. ఇక్కడ దానికి పని పడేది ఎక్కువగా మార్చాల్సిన సమయం దాటిపోయిన ఫిల్టర్లలోనే. ఏ ఒత్తిడి దగ్గర తెరుచుకోవాలన్నది ఒక్కో ఇంజన్‌కు ఒక్కోలా నిర్ణయిస్తారు. కొన్ని ఇంజన్లలో ఈ వాల్వు ఫిల్టర్లో కాకుండా ఇంజన్ బ్లాకులోనే ఉంటుంది. అలాంటి ఇంజన్ల ఫిల్టర్లో అది ఉండదు. ఇప్పుడు బయటి కొలతలన్నీ ఒకేలా ఉన్న రెండు డబ్బాలు పక్కపక్కన పెట్టండి. ఒకదాంట్లో బైపాస్ ఉంది, ఇంకోదాంట్లో లేదు. కంటికి తెలుస్తుందా? తెలియదు. ఆ సంగతి చెప్పేది నంబరు ఒక్కటే.

రెండోది, ఇంజన్ ఆపాక ఫిల్టర్లోని ఆయిల్ వెనక్కి జారిపోకుండా ఆపే రబ్బరు వాల్వు. కొత్త ఫిల్టర్ మూతిలోకి చూస్తే చిన్న రంధ్రాల కింద ఒక రబ్బరు పొర కనిపిస్తుంది, అదే ఇది. ఫిల్టర్ అడ్డంగానో తలకిందులుగానో బిగించే ఇంజన్లకు దీని అవసరం మరీ ఎక్కువ. ఇది పనిచేయకపోతే రాత్రంతా ఫిల్టర్ ఖాళీ అయిపోతుంది. పొద్దున స్టార్ట్ చేయగానే అది నిండి, ఒత్తిడి వచ్చేదాకా కొన్ని క్షణాలు ఇంజన్ పై భాగంలో గలగలమంటుంది. మామూలు నైట్రైల్ రబ్బరు వేడికి కాలక్రమేణా గట్టిపడుతుంది. సిలికాన్ అయితే ఎక్కువ కాలం మెత్తగా ఉంటుంది. ధరలో కనిపించే తేడాకు ఇదొక కారణం. అయితే రబ్బరు ఎర్రగా ఉంటే సిలికానే అని నమ్మేయకండి, రంగు ఎవరైనా వేస్తారు.

ఆయిల్ నల్లబడితే ఫిల్టర్ పోయినట్టా?

కాదు. ఇది చాలామందికి ఉన్న అపోహ. డీజిల్ బండిలో కొత్త ఆయిల్ పోసిన కొన్నాళ్ళకే ఆయిల్ మట్టం చూసే గేజ్ (డిప్‌స్టిక్) బయటికి తీస్తే నల్లగా కనిపిస్తుంది. వెంటనే "ఫిల్టర్ డూప్లికేట్ వేశాడు" అని మెకానిక్ మీద పడతాం. ఆ నలుపు మసిది. మసి రేణువులు మైక్రాన్ (మిల్లీమీటరులో వెయ్యో వంతు) కంటే చిన్నవి, ఏ ఫిల్టర్ కాగితమూ వాటిని పెద్దగా ఆపలేదు. వాటిని గడ్డ కట్టకుండా ఆయిల్లో తేలుతూ ఉంచడం ఆయిల్లో కలిపిన డిటర్జెంట్, డిస్పర్సెంట్ రసాయనాల పని. ఆయిల్ నల్లబడిందంటే అది తన పని తాను చేస్తోందన్న మాట.

ఫిల్టర్ ఆపాల్సినవి ఇంకాస్త పెద్దవి: గాలితో పాటు లోపలికొచ్చిన దుమ్ము, అరిగిన లోహపు రజను, గట్టిపడిన కార్బన్ ముక్కలు. మన తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. బేరింగులను ఎక్కువగా తినేసేవి 5 నుంచి 20 మైక్రాన్ల మధ్యలోవి, అంటే కంటికి కనిపించనివి. ఇక ఆయిల్లో కలిసిన పెట్రోలునో, నీటి ఆవిరినో, ఆమ్లాలనో ఫిల్టర్ ఏమీ చేయలేదు. అందుకే ఫిల్టర్ ఎంత ఖరీదైనదైనా ఆయిల్ మార్చే గడువు దానంతట అది పెరగదు. ఆయిల్ మార్చి పాత ఫిల్టరే ఉంచేయడం ఇంకో రకం పొదుపు. పాత ఫిల్టర్లో పావు లీటరు దాకా మురికి ఆయిల్ మిగిలే ఉంటుంది. చిన్న కారులో మొత్తం పట్టేదే మూడు మూడున్నర లీటర్లు. మిగిలింది ఆ లెక్కలో తక్కువేమీ కాదు.

పెట్టెల మీద రాసే మైక్రాన్ల సంగతి కూడా చెప్పుకోవాలి. "20 మైక్రాన్ ఫిల్టర్" అని ఊరికే రాస్తే ఏమీ తెలియదు. 20 మైక్రాన్ల రేణువుల్లో సగాన్ని ఆపే ఫిల్టర్‌కూ ఆ మాట రాయొచ్చు, 99 శాతం ఆపేదానికీ రాయొచ్చు. ఎంత శాతం, ఏ పరీక్షలో అన్నదే అసలు. ఆ పరీక్షకు అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 4548-12. ధూళి కలిపిన ఆయిల్‌ను ఫిల్టర్ గుండా మళ్ళీ మళ్ళీ తిప్పుతూ ముందు ఎన్ని రేణువులు, తర్వాత ఎన్ని అని లెక్కపెడతారు. మంచి తయారీదారులు ఫలానా ప్రమాణం ప్రకారం, ఫలానా మైక్రాన్ల దగ్గర ఇంత శాతం అని రాస్తారు. అలాగని మరీ సన్నగా వడకట్టేదే మేలని కూడా కాదు. కాగితం సన్నబడేకొద్దీ ఆయిల్ నడక కష్టమవుతుంది, త్వరగా పూడుకుపోతుంది. గ్లాస్ ఫైబర్ లాంటి సింథటిక్ పీచుతో చేసిన ఫిల్టర్లు ఈ రెండిటినీ కొంత మెరుగ్గా సర్దుకుంటాయి. గడువు ప్రకారం మార్చే మామూలు కారుకు మామూలు కాగితపు ఫిల్టర్ చాలు.

మిల్లీమీటరు కూడా లేని తేడాతో

ఇప్పుడు అసలు భయపడాల్సిన దగ్గరికి వద్దాం. ఆయిల్ ఫిల్టర్ బిగించే థ్రెడ్లలో బాగా వాడుకలో ఉన్నవి రెండు. ఒకటి 20 మిల్లీమీటర్ల మెట్రిక్ థ్రెడ్, అంటే ఎం20, చుట్టుకు చుట్టుకు మధ్య 1.5 మిల్లీమీటర్లు. రెండోది ముప్పావు అంగుళం థ్రెడ్, అంగుళానికి 16 చుట్లు. ముప్పావు అంగుళమంటే 19.05 మిల్లీమీటర్లు, చుట్ల మధ్య దూరం 1.59 దాకా. రెండూ ఎంత దగ్గరో చూశారుగా. ఇంజన్ మీద ఫిల్టర్ ఎక్కే మరల కడ్డీ (స్టడ్) ముప్పావు అంగుళందైతే, దాని మీదికి ఎం20 ఫిల్టర్ ఎక్కుతుంది. కొంచెం వదులుగా అనిపిస్తుంది, అయినా తిరుగుతుంది, రబ్బరు రింగు నొక్కుకుంటుంది, బిగిసినట్టే ఉంటుంది. స్టార్ట్ చేస్తే లీకు కూడా కనపడకపోవచ్చు. కానీ థ్రెడ్ పట్టు పైపైనే. చల్లటి ఇంజన్లో ఆయిల్ ఒత్తిడి పెరిగినప్పుడో, హైవే మీద ఇంజన్ చుట్లు పెంచినప్పుడో ఆ పట్టు జారితే ఫిల్టర్ ఊడి, నిమిషాల్లో చాంబర్ ఖాళీ అవుతుంది. ఎర్ర లైటు వెలిగి, మనం బండిని పక్కకు తీసేలోపే బేరింగులు పట్టేసే ప్రమాదం ఉంటుంది.

అందుకే "సేమ్ సైజే సార్, పక్కా కూర్చుంటుంది" అనే మాట విన్నప్పుడల్లా నాకు టెన్షన్. కూర్చోవడం ఒక్కటే చాలదు. థ్రెడ్, రబ్బరు రింగు వ్యాసం, డబ్బా ఎత్తు, బైపాస్ ఒత్తిడి అన్నీ కలవాలి. అవన్నీ కలిస్తేనే తయారీదారు తన క్యాటలాగులో మీ ఇంజన్ పక్కన ఆ నంబరు రాస్తాడు.

నంబరు ఎక్కడ దొరుకుతుంది? ఓనర్స్ మాన్యువల్లో కొన్నిసార్లు ఉంటుంది. పాత సర్వీసు బిల్లులో దాదాపు ఎప్పుడూ ఉంటుంది. లేదంటే ఆర్‌సీ మీదున్న ఛాసిస్ నంబరు చెప్తే కంపెనీ విడిభాగాల కౌంటర్లో చూసి చెప్తారు. మోడల్ పేరు ఒక్కటే చెప్తే చాలదు. స్విఫ్ట్ అన్న ఒక్క పేరు మీదే 1.2 లీటర్ల పెట్రోల్ ఇంజన్, 1.3 లీటర్ల డీజిల్ ఇంజన్ ఏళ్ళ తరబడి అమ్ముడయ్యాయి. 2020లో మారుతి డీజిల్ ఆపేసింది గానీ ఆ బండ్లు ఇంకా రోడ్ల మీద బోలెడు ఉన్నాయి. పేరు ఒకటే, ఫిల్టర్లు వేరు. కొన్నిసార్లు కంపెనీయే పాత నంబరు తీసేసి కొత్త నంబరు ఇస్తుంది. అప్పుడు బిల్లులో నంబరు మారితే కంగారు పడక్కర్లేదు, ఫలానా పాతదాని బదులు ఇది అని కౌంటర్లో అడిగి రూఢి చేసుకుంటే చాలు.

బెంగళూరులో విడిభాగాలకు జె.సి.రోడ్డు పేరు. టౌన్ హాల్ దగ్గర నుంచి మినర్వా సర్కిల్ దాకా ఉండే ఈ జయచామరాజేంద్ర రోడ్డులో కార్ల సామాను దొరకని దుకాణం వెతకడమే కష్టం. అక్కడ కారు నిలపడం మాత్రం నరకం. మెట్రోలో కె.ఆర్.మార్కెట్ స్టేషన్లో దిగి నడిచి వెళ్ళడమే సుఖం. చాలా దుకాణాల్లో కన్నడ రాకపోయినా తెలుగులోనో హిందీలోనో పని జరిగిపోతుంది. బాష్, మాన్, మాహ్లే, ప్యూరోలేటర్, ఫరీదాబాద్‌కు చెందిన ఎలోఫిక్ లాంటి ఫిల్టర్ తయారీదారుల సరుకూ, కార్ల కంపెనీల సొంత పెట్టెల్లో వచ్చేదీ రెండూ దొరుకుతాయి. కార్ల కంపెనీలు ఫిల్టర్లను సాధారణంగా ఇలాంటి తయారీదారుల దగ్గరే చేయించుకుంటాయి కాబట్టి "బయటిది" అంటే నాసి అనుకోనక్కర్లేదు.

అయితే డూప్లికేట్ల బెడద నిజమే. ఎక్కువ అమ్ముడయ్యే నంబర్లకే డూప్లికేట్లు ఎక్కువ. పెట్టె మీద తయారీదారు పేరు, తయారైన నెల, ఎంఆర్‌పీ, కస్టమర్ కేర్ వివరాలు ఉండాలని చట్టం. అచ్చు మసకగా ఉన్నా, స్పెల్లింగ్ తప్పున్నా, పెట్టె మీది నంబరూ డబ్బా మీది నంబరూ వేరైనా తీసుకోకండి. ధర మరీ కిందికి దిగితే అనుమానించండి. బిల్లు అడగండి. బిల్లు ఇవ్వనంటే పక్క దుకాణం ఉండనే ఉంది. చిన్న కార్ల ఫిల్టర్లు వందల్లోనే వస్తాయి, అక్కడ యాభై మిగుల్చుకుని సాధించేదేమీ లేదు.

కిలోమీటర్లు సరే, గంటలు?

చాలా కార్లకు ఆయిల్, ఫిల్టర్ గడువు 10,000 కిలోమీటర్లు లేదా ఏడాది, ఏది ముందైతే అది. మీ బండిది మాన్యువల్లో చూసుకోండి. కానీ అదే మాన్యువల్లో ఇంకో పేజీ ఉంటుంది, కఠిన పరిస్థితుల్లో నడిచే బండ్లకు గడువు తగ్గించమని చెప్పే పేజీ. దుమ్ము రోడ్లు, దగ్గరి ప్రయాణాలు, ఆగుతూ సాగే ట్రాఫిక్, ఎక్కువసేపు నిలబడి ఇంజన్ నడవడం. చదివితే ట్రాఫిక్‌కు పేరుమోసిన సిల్క్ బోర్డు జంక్షన్ గురించి రాశారేమో అనిపిస్తుంది.

లెక్క వేసి చూద్దాం. నగరంలో సగటు వేగం గంటకు 20 కిలోమీటర్లు అనుకుంటే 10,000 కిలోమీటర్లకు ఇంజన్ 500 గంటలు నడవాలి. హైవే మీద 60 అనుకుంటే 167 గంటలు చాలు. ఓడోమీటర్ రెండిటికీ ఒకే అంకె చూపిస్తుంది, ఆయిల్ మాత్రం మూడు రెట్లు పని చేసింది. రోజూ బెళ్ళందూరు నుంచి వైట్‌ఫీల్డ్‌కు వెళ్ళొచ్చే బండిని, వారాంతాల్లో అనంతపురం వెళ్ళొచ్చే బండిని ఒకే గడువుతో చూడడం నాకు సరైనదనిపించదు. మొదటి రకం బండికి ఆయిల్, ఫిల్టర్ కాస్త ముందే మార్చేయడం మేలు.

బీఎస్-6 కాలుష్య ప్రమాణం డీజిల్ బండ్ల వాళ్ళకు ఇంకో చిక్కు. 2020 ఏప్రిల్ తర్వాత అమ్మిన డీజిల్ కార్లలో పొగ గొట్టంలో మసిని పట్టే ఫిల్టర్, డీపీఎఫ్, ఉంటుంది. అది మసిని కాల్చేసుకోవడానికి చాలా ఇంజన్లలో అదనంగా డీజిల్ చిమ్ముతారు. ట్రాఫిక్‌లో ఆ కాల్పు పదే పదే మధ్యలో ఆగిపోతే కొంత డీజిల్ ఆయిల్లోకి చేరుతుంది. అప్పుడు గేజ్ మీద ఆయిల్ తగ్గాల్సింది పోయి పెరుగుతుంది. ఆయిల్ పెరిగిందని సంతోషించేవాళ్ళను చూశాను. అది పల్చబడిన ఆయిల్, వెంటనే మార్పించాల్సిన ఆయిల్. ఈ బండ్లకు పోసే ఆయిల్ కూడా డీపీఎఫ్‌కు తగిన తక్కువ బూడిద రకమే కావాలి. చిక్కదనం అంకెతో పాటు మాన్యువల్లో ఇచ్చిన ప్రమాణం కూడా ఆయిల్ డబ్బా మీద ఉందో లేదో చూడండి.

సొంతంగా మార్చాలంటే ముందు నేల చూడండి

ఫిల్టర్ మార్చడం కష్టమైన పని కాదు. ప్రాణానికి అన్నిటికంటే ప్రమాదమైన భాగం బండి కిందికి దూరడం. అపార్ట్‌మెంట్లలో దీనికి తగిన చోటు దొరకడం కష్టం. బేస్‌మెంట్ ర్యాంపు వాలుగా ఉంటుంది. బయట పరిచిన ఇంటర్‌లాక్ టైల్స్ కింద ఇసుక ఉంటుంది కాబట్టి బరువు ఒకే చోట పడితే కుంగుతాయి. తారు రోడ్డు ఎండకు మెత్తబడుతుంది. చదునైన గట్టి కాంక్రీటు నేల దొరికితేనే ముందుకెళ్ళండి. దొరకకపోతే ఈ పని మీది కాదు, అంతే.

స్టెప్నీ మార్చడానికి బండితో వచ్చే జాకీ మీద బండిని నిలబెట్టి కిందికి వెళ్ళకూడదు. అది చక్రం మార్చే పది నిమిషాలకు చేసింది, పక్క నుంచి కొంచెం తోస్తే ఒరిగిపోతుంది. ఇటుకలు, హాలో బ్లాకులు కూడా వద్దు. అవి మెల్లగా వంగవు, ఒక్కసారిగా పగులుతాయి. బరువు రేటింగు రాసి ఉన్న జాక్ స్టాండ్లు కొనండి, లేదా ముందు చక్రాలు ఎక్కించే ర్యాంపులు. బండిని గేర్లో ఉంచి, ఆటోమేటిక్ అయితే పార్కులో పెట్టి, హ్యాండ్ బ్రేక్ లాగి, వెనక చక్రాలకు ముందూ వెనకా చెక్క అడ్డాలు పెట్టండి. మాన్యువల్లో చూపిన చోటే స్టాండు ఆనాలి. ఆనిన తర్వాత పక్క నుంచి బండిని గట్టిగా ఊపి చూడండి. పడేదైతే మీరు బయట ఉన్నప్పుడే పడాలి. ఇంట్లో ఇంకో మనిషికి చెప్పి మరీ కిందికి వెళ్ళండి.

ఆయిల్ కొద్దిగా వేడిగా ఉంటే త్వరగా, పూర్తిగా దిగుతుంది. బాగా వేడిగా ఉంటే చెయ్యి కాలుతుంది. ఐదు నిమిషాలు నడిపి ఆపి, పావుగంట ఆగితే సరిపోతుంది. మూసి ఉన్న బేస్‌మెంట్‌లో ఇంజన్ నడుపుతూ పక్కనే కూర్చోవద్దు, పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. చేతులకు నైట్రైల్ గ్లవుజులు వేసుకోండి. వాడిన ఆయిల్లో చర్మానికి పదే పదే తగిలితే క్యాన్సర్ కలిగించగల పదార్థాలు ఉంటాయి.

డ్రెయిన్ బోల్టు విప్పే ముందు అది ఇంజన్‌దేనా అని చూసుకోండి. ఆటోమేటిక్ బండ్లలో గేర్‌బాక్స్ బోల్టు విప్పేసి, గేర్ ఆయిల్ అంతా దించి, ఇంజన్లో కొత్త ఆయిల్ పై నుంచి పోసేసినవాళ్ళు ఉన్నారు. అంటే ఒకచోట ఆయిల్ లేదు, ఇంకోచోట రెండింతలు. సరిగ్గా సరిపోయే రింగు స్పానర్ వాడితే బోల్టు మూలలు అరగవు. బోల్టు కింద వాషర్ కొత్తది వేయండి. చాలా బండ్లలో చాంబర్ అల్యూమినియంది, బలమంతా చూపిస్తే థ్రెడ్ పోతుంది. మాన్యువల్లో చెప్పిన బిగింపు బలానికి, అంటే టార్క్‌కు టార్క్ రెంచ్‌తో బిగించడమే పద్ధతి.

ఒక రబ్బరు రింగు

ఫిల్టర్ విప్పడానికి డబ్బా మూతకు సరిపోయే కప్పు స్పానరో, బెల్టు స్పానరో ఉంటే సులువు. స్క్రూడ్రైవర్ పొడిచి తిప్పడం పాత చిట్కా. రేకు చీలితే మూతి భాగం ఇంజన్‌కే అతుక్కుని ఉండిపోతుంది, తర్వాత అది తీయడం పెద్ద పని.

విప్పిన ఫిల్టర్‌ను వెంటనే తిప్పి దాని మూతి చూడండి. రబ్బరు రింగు దాని మీదే ఉందా? లేకపోతే అది ఇంజన్ ముఖానికి అంటుకుని ఉండిపోయింది. నల్లటి ఆయిల్ మధ్య నల్లటి రింగు కంటికి ఆనదు. అది తీయకుండా కొత్త ఫిల్టర్ బిగిస్తే రింగు మీద రింగు పడుతుంది. చేతికి బిగువు బాగానే తెలుస్తుంది. ఇంజన్ ఒత్తిడి పెరగగానే పై రింగు పక్కకు జారి ఆయిల్ చిమ్ముకొస్తుంది. ఫిల్టర్ మార్పులో పెద్ద ఇంజన్ నష్టాలు తెచ్చే పొరపాటు ఇదే అని నా అభిప్రాయం, థ్రెడ్ తేడా కంటే కూడా. గుడ్డతో ఇంజన్ ముఖం శుభ్రంగా తుడిచి, వేలితో చుట్టూ తడిమి, టార్చితో చూసి మరీ ముందుకెళ్ళండి.

కొత్త ఫిల్టర్ రింగుకు కొత్త ఆయిల్ వేలితో పూయాలి. పొడి రింగు తిప్పేటప్పుడు మెలిపడుతుంది. నిలువుగా నోరు పైకి ఉండే ఫిల్టర్ అయితే కొంచెం ఆయిల్ పోసి బిగించొచ్చు. అడ్డంగా ఉండేదైతే ఒలికిపోతుంది, అవసరం లేదు. చేత్తోనే తిప్పండి. రింగు ఇంజన్‌ను తాకిన క్షణం తెలుస్తుంది. అక్కడి నుంచి మామూలుగా ముప్పావు చుట్టు, కొన్నిటికి పూర్తి చుట్టు. ఎంతన్నది డబ్బా మీద బొమ్మతో వేసి ఉంటుంది. స్పానర్ విప్పడానికే, బిగించడానికి కాదు. ఎలిమెంట్ రకమైతే ఓ-రింగు సరైన గాడిలో కూర్చోవాలి. ప్లాస్టిక్ మూత మీద టార్క్ అంకె అచ్చు వేసి ఉంటుంది, ఎక్కువగా 25 న్యూటన్ మీటర్లు కనిపిస్తుంది. దాన్ని దాటితే మూత పగులుతుంది.

ఆయిల్ మాన్యువల్ చెప్పిన కొలత కంటే కొంచెం తక్కువ పోసి స్టార్ట్ చేయండి. ఎర్రటి ఆయిల్ లైటు కొద్ది క్షణాల్లో ఆరాలి. పది సెకన్లు దాటినా ఆరకపోతే వెంటనే ఆపేయండి, ఇంకొంచెం చూద్దాం అనుకోకండి. ఆరితే ఒకటి రెండు నిమిషాలు నడవనిచ్చి, బండి కిందికి దూరకుండా బయటి నుంచే టార్చి వేసి ఫిల్టర్ చుట్టూ, బోల్టు దగ్గర చుక్కలున్నాయేమో చూడండి. ఆపి, బండిని చదునైన నేల మీదికి దించి, పది నిమిషాలు ఆగి గేజ్ తీయండి. ఖాళీ ఫిల్టర్ నిండింది కాబట్టి మట్టం కొంచెం దిగి ఉంటుంది. పై గీత దాకా నింపండి, దాటించొద్దు. ఎక్కువైతే క్రాంక్ దాన్ని చిలికి నురగ చేస్తుంది, నురగకు బేరింగును మోసే బలం ఉండదు.

ఇంటికొచ్చి చేసే సర్వీసు కుర్రాళ్ళు బెంగళూరులో ఇప్పుడు ఎక్కువే. మీరు చేయకపోయినా పక్కన నిలబడి చూడండి. కొత్త ఫిల్టర్ నంబరు మీ ముందే పెట్టె విప్పి చూపించమనండి. "తమ్ముడూ, పాత రింగు ఫిల్టర్‌తోనే వచ్చిందా?" అని ఒక్క మాట అడగండి. ఆ ప్రశ్న విన్నాక అతను ఇంకొంచెం జాగ్రత్తగా చేస్తాడు. డబ్బాను స్పానర్‌తో బిగిస్తుంటే ఆపండి.

వారంటీలో ఉన్న బండి అయితే సర్వీసు సెంటర్లోనే చేయించి బిల్లులు దాచుకోవడం ప్రశాంతం. బయట మెకానిక్ ముట్టుకుంటే చాలు వారంటీ రద్దు అనే షరతు గురించి 2014 ఆగస్టులో కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా 14 కార్ల కంపెనీల మీద ఆదేశం ఇచ్చింది. బయట జరిగిన తప్పుడు పని వల్ల కలిగిన నష్టం మేరకే వారంటీ నిరాకరించాలని అందులో చెప్పింది. కంపెనీలు దాని మీద అప్పీళ్ళకు వెళ్ళాయి. ఇంజన్ పాడైన రోజు కౌంటర్ దగ్గర నిలబడి ఆ ఆదేశం చదివి వినిపించే ఓపిక మీకుంటే సరే.

ఆ మూడు లీటర్లు ఎక్కడికి

పాత ఆయిల్‌ను బేస్‌మెంట్ కాలువలో పోస్తే అది వాన నీటితో రాజకాలువె అనే పెద్ద వరద కాలువలోకి, అక్కడి నుంచి ఏదో ఒక చెరువులోకి చేరుతుంది. నురగలు కక్కి, నిప్పంటుకుని దేశమంతా వార్తల్లోకెక్కిన బెళ్ళందూరు చెరువుకు మనం ఇంకొంచెం పంపాల్సిన పని లేదు. వాడిన ఆయిల్ మన దేశంలో చట్టప్రకారం ప్రమాదకర వ్యర్థం. 2016 నాటి నిబంధనల ప్రకారం అది నమోదైన రీసైక్లర్లకే చేరాలి. 2024 ఏప్రిల్ నుంచి దాన్ని తిరిగి సేకరించి శుద్ధి చేయించే బాధ్యతను ఆయిల్ తయారీదారుల మీద, దిగుమతిదారుల మీద కూడా పెట్టారు. అయినా సెంట్రింగ్ ప్లేట్లకు పూయడానికని వాడిన ఆయిల్ కొనుక్కుపోయేవాళ్ళు కనిపిస్తూనే ఉంటారు. వాళ్ళకు ఇవ్వకండి.

కొత్త ఆయిల్ వచ్చిన డబ్బాలోనే పాతది నింపి, మూత బిగించి, వాడిన ఆయిల్‌ను డ్రమ్ములో పోగుచేసి రీసైక్లర్‌కు పంపే పెద్ద గ్యారేజీకో కంపెనీ సర్వీసు సెంటర్‌కో ఇవ్వండి. అడిగితే చాలామంది తీసుకుంటారు. అందులో కూలెంటో, బ్రేక్ ఆయిలో, పెట్రోలో కలపకండి, కలిస్తే శుద్ధి చేయడం కష్టం. ఫిల్టర్‌ను ఒక రాత్రంతా మూతి కిందికి పెట్టి వార్చి, కవరులో చుట్టి అక్కడే ఇచ్చేయండి. కార్పొరేషన్ చెత్త బండిలో తడి చెత్త, పొడి చెత్త రెండిట్లోనూ దానికి చోటు లేదు.